వరంగల్‌కి తిరిగొచ్చెయ్యాలా? మన ఊర్ల ముందు ముందు పని ఉంటదా?

కరీమాబాద్_పిలగాడు
ఊరు ఇడిసి పదకొండేండ్లు. హైదరాబాద్‌ల మెషిన్ల విడిభాగాలు గీసే పని నాది, ఉప్పల్ అవతల కిరాయిల్లు. ఎండాకాలంల బాపుకు గుండె ఆపరేషన్ అయింది. అమ్మ ఒక్కతే చూసుకునుడు కష్టమైతున్నది. మడికొండ ఐటీ పార్కుల ఒక కంపెనీ రమ్మంటున్నది. జీతం మాత్రం ఇప్పుడొచ్చేదాంట్ల మూడో వంతు తక్కువ.

జీతం తగ్గుడు ఒక్కటే అయితే సర్దుకుంట. భయం ఇంకోటి. ఈ ఉద్యోగం పోతే ఈ ఊర్ల ఇంకోటి దొరుకుతదా? 2017 అక్టోబర్‌ల మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన అన్నరు. 2020 జనవరిల సైయెంట్, టెక్ మహీంద్రా ఐటీ కంపెనీలు వచ్చినయ్. 2023 జూలైల కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ. ఇప్పుడు మామునూరు ఎయిర్‌పోర్టు. ఒక్కొక్కటి ప్రకటించిన వారానికే మా గల్లీల గజం రేటు పెరుగుతది. మా ఇంటర్ బ్యాచ్‌ల 42 మందిమి ఉంటే ఊర్ల మిగిలింది ఏడుగురు. ఆ ఏడుగురిల నలుగురు రియల్ ఎస్టేట్.

పదేండ్లల్ల ఈ ఊరు ఎదుగుతదా? ఎదిగితే దేని మీద? ఊర్ల ఉండి చూస్తున్నోళ్ళు చెప్పండి. ప్లాటు సలహాలు మాత్రం వద్దు.

మామునూరు_రన్‌వే
ప్లాటు గురించి మాట్లాడను. ఎయిర్‌పోర్టు గురించి చెప్త. హైదరాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రావద్దన్న ఒప్పందం ఇన్నేండ్లు మన గొంతు మీద కూసున్నది. ఆ అడ్డం పోయింది, 2025 ఫిబ్రవరిల కేంద్రం సరే అన్నది. 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది. ఇది కొత్త కల కాదు తమ్మీ. నిజాం కాలంల కట్టిన విమానాశ్రయం అది, 1981 దాకా విమానాలు దిగినయ్. బయటి కంపెనీ పెద్దమనిషి పొద్దున దిగి మాపటికి తిరిగి పోగలిగితే పెట్టుబడి అదే వస్తది.

జిరాక్స్_చౌరస్తా
విమానం దిగేటోళ్ళ కన్నా బస్సు దిగేటోళ్ళ మీద బతికే ఊరన్నా మనది.

ఏనుమాముల_కాంటా
రన్‌వే అన్న మాట కొట్టెయ్యను గానీ, ఈ ఊర్లెకు పైసలు ఎక్కడ్నుంచి వస్తున్నయో పిలగాడు ముందు అది చూడాలె.

మాది మిర్చి అడ్తి. ఫిబ్రవరి, మార్చిల ఒక్కసారి తెల్లారి నాలుగింటికి ఏనుమాముల మార్కెట్ యార్డుకు రా. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కుల నుంచి రాత్రంతా ట్రాలీలు వస్తనే ఉంటయ్. తేజ రకం ఒక దిక్కు, వండర్‌హాట్ రకం ఒక దిక్కు, చపాటా రకం ఒక దిక్కు రాశులు. ఖరీదుదారు వచ్చి బస్తా మూతి విప్పి గుప్పెడు కాయ తీస్తడు. ఒకటి తుంచి గింజ చూస్తడు, అరచేతిల నలిపి తేమ చూస్తడు. ఆ అరనిమిషంల రైతు ఏడాది కష్టానికి ధర పడుతది. తర్వాత కాంటా, హమాలీలు, తక్‌పట్టీ అనే లెక్క చీటీ. మాపటికల్లా సరుకు లారీ ఎక్కుతది, లేకుంటే కోల్డ్ స్టోరేజీకి పోతది.

నన్ను సతాయించేది ఆ లారీనే. చపాటా కాయ చూసినవా? టమాటా లెక్క గుండ్రంగ, ఎర్రగ ఉంటది. కారం తక్కువ, రంగు మస్తు. 2025ల భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనేటోళ్ళకు కావాల్సింది ఆ రంగే, మిర్చి నుంచి రంగు, నూనె తీసి తినే వస్తువులల్ల వాడుతరు. ఆ తీసే పని మన దగ్గర ఎంత జరుగుతున్నది? కాయ అమ్మితే ఒక్కసారి లాభం. రంగు తీసి అమ్మితే నలుగురికి జీతం. నా లెక్కల ఈ ఊరు ఎదుగుడంటే, బస్తా బస్తా లెక్కనే లారీ ఎక్కకుండ ఆపుడు.

ఎన్‌ఐటీ_మెస్
కాంటా అన్న పోస్టు చదువుతుంటే తుమ్మొచ్చింది. నిజంగా.

పరకాల_పత్తి
మిర్చికి చెప్పిందే పత్తికి ఇంకా ఎక్కువ వర్తిస్తది. జర లెక్క చూడండి.

క్వింటాల్ పత్తి జిన్నింగ్ మిల్లుల పోస్తే 33, 34 కిలోల దూది వస్తది, మిగిలింది చాలా వరకు గింజ. 2025-26కి పొడుగు పింజ మద్దతు ధర 8,110 రూపాయలు. తేమ ఎక్కువుందని కోత పెట్టకుంటే రైతుకు అది చేతికొస్తది. ఆ దూదిని 170 కిలోల బేళ్ళు కట్టి కోయంబత్తూరు దిక్కు పంపుతరు. అక్కడ వడికితే తరుగు పోను 27, 28 కిలోల నూలు. చొక్కాకు పావుకిలో కూడ పట్టదు. అంటే మా చేన్ల ఒక క్వింటాల్‌ల నూరు చొక్కాల పైన ఉన్నయ్. ఒక్కో చొక్కా మళ్ళ మన హన్మకొండ షాపులకే వచ్చి ఐదు వందలకు అమ్ముడుపోతది. ఎనిమిది వేలకు, యాభై వేలకు నడుమ ఉన్నదంతా వడికినోడి కైకిలి, నేసినోడిది, రంగేసినోడిది, కుట్టినోడిది, అమ్మినోడిది. అందుల మనోళ్ళ పాలు ఎంత?

టెక్స్‌టైల్ పార్కు మీద నాకున్న ఆశ అంతా ఈ లెక్క మీదనే.

జంక్షన్_కాజీపేట
ఈ ఊరు ఆ పని ఒకప్పుడు చేసిందే కదా. ఆజంజాహీ మిల్లు 1934ల పెట్టిన్రు. దూది ఒక గేటుల పోతే బట్ట ఇంకో గేటుల బయటికొచ్చేది. మా మామ ముప్పై ఏండ్లు అండ్లనే చేసిండు. సైరన్ మోగితే మా అత్త పొయ్యి ముట్టిచ్చేది, ఇంట్ల గడియారం ఉండేది కాదు. మిల్లు మూతబడ్డది, జాగ ప్లాట్లయింది. పార్కు వచ్చిందని సంబురపడేటోళ్ళు మిల్లు ఎందుకు పోయిందో కూడ యాది పెట్టుకోవాలె. పాత యంత్రాలు మార్చలే, చవుక బట్టతోని పోటీ పడలేకపోయింది, అడిగే నాథుడు లేకుండ అయిండు.

కోచ్ ఫ్యాక్టరీ కూడ అంతే. ఎనభైలల్ల కాజీపేటకు అన్నరు, కపుర్తలాకు పోయింది. మా తరమంతా ఆ మాట మీదనే ధర్నాలు చేసినం. 2023 జూలై 8న ప్రధాని వచ్చి అయోధ్యాపురంల 521 కోట్ల ఫ్యాక్టరీకి పునాది ఏసిన నాడు నేను గుంపుల ఉన్న. కండ్లల్ల నీళ్ళు వచ్చినయ్, దాచుకునేది ఏముంది.

పిలగాడా, జీతం గురించి ఒక మాట. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సీజన్ టికెట్ 150 దాకా ఇస్తరు. మా కాలనీల రోజూ పోయొచ్చేటోళ్ళు చాలా మంది. ఊర్ల ఉండి అక్కడ చేసుడు కూడ ఒక తొవ్వ.

కరీమాబాద్_పిలగాడు
సీజన్ టికెట్ ఆలోచన చేసిన కాకా. పోవుడు రెండు గంటలు, వచ్చుడు రెండు గంటలు, మధ్యల ఉప్పల్ దిక్కు ఇంకో గంట. బాపు దగ్గర ఉండనీకె వస్త అనుకుంటే ఆయన నిద్రపొయ్యేటప్పుడే ఇంట్ల ఉంట.

సుబేదారి_ల్యాబ్
రంగు, నూలు, రైలు అని అందరు అంటున్నరు గానీ ఈ ఊరిని ఇన్నాళ్ళు మోసింది దవాఖానాలు, కాలేజీలు. మన సర్కారు పెద్ద దవాఖాన ఎంజీఎంకు ఆదిలాబాద్ దిక్కు నుంచి కూడ రోగులు వస్తరు. ఒక పేషెంట్ వస్తే వెంట ఇద్దరు. వాళ్ళకు లాడ్జి, టిఫిన్, మందులు, ఆటో. నేను పద్దెనిమిదేండ్ల సంది ల్యాబ్ నడుపుతున్న, ఆరుగురికి జీతం ఇస్తున్న, అందరు ఈ చుట్టుపక్కల ఊర్ల పిల్లలే.

కానీ ఇది కూడ మారుతున్నది. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, అన్నిట్ల మెడికల్ కాలేజీలు వచ్చినయ్. రోగులకు మంచిదే, నేను సంతోషిస్త. జ్వరానికి, కాన్పుకు వంద కిలోమీటర్లు రానక్కర లేదు. ఇగ మన దగ్గరికి వచ్చేది గుండె, మెదడు, క్యాన్సర్. అంటే పెద్ద వైద్యం నేర్వాలె, లేకుంటే హన్మకొండల సగం నర్సింగ్ హోములు ఖాళీ అయితయ్. పాత జైలు జాగల కడుతున్న 24 అంతస్తుల దవాఖాన పూర్తిగ నడిస్తే ఆ పని జరుగుతదని నా నమ్మకం.

జిరాక్స్_చౌరస్తా
ల్యాబ్ అన్న చెప్పిందే ఆఫీసులల్ల కూడ జరిగింది. 2016 దసరాకు జిల్లా ముక్కలైంది. అప్పటిదాకా వాజేడు, వెంకటాపురం ముంగట అడవి ఊర్ల నుంచి కూడ కలెక్టరేట్ కాగితం కోసం హన్మకొండ వచ్చేది. నా దుకాణం ముందర పది గంటలకు లైన్ కట్టేటోళ్ళు. జిరాక్స్, స్టాంపు పేపరు, దరఖాస్తు రాసుడు, అండ్లనే ఛాయ్ బండి, అండ్లనే మెస్సు. జిల్లాలైనంక వాళ్ళకు దూరం తగ్గింది, మంచిదే. మాకు గిరాకీ సగమైంది. రెండు మిషన్లు అమ్మిన.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, సర్కారు ఆఫీసు మీద బతికిన ఊరు ఒక్క జీవోతోని చిన్నగైతది.

పరకాల_పత్తి
వాజేడు, వెంకటాపురం 2016 దాకా ఖమ్మం జిల్లా కదన్నా?

జిరాక్స్_చౌరస్తా
అవును, ఖమ్మమే. ఏటూరునాగారం, మంగపేట అనాల్సింది. నువ్వు చెప్పింది కరెక్టు.

మామునూరు_రన్‌వే
చూసిన్రా, అందరు తిరిగి తిరిగి నా మాటకే వస్తున్నరు. పెద్ద వైద్యానికి పెద్ద డాక్టరు రావాలె. మిర్చి రంగు కంపెనీకి కొనేటోడు రావాలె. ఎట్ల వస్తరు?

ఏనుమాముల_కాంటా
కొనేటోడు ఇప్పుడు కూడ వస్తున్నడు అన్నా. శంషాబాద్‌ల దిగి మూడున్నర గంటలల్ల యార్డుల ఉంటడు. రంగు తీసే ఫ్యాక్టరీ పెట్టేటోడు అడిగేది విమానం కాదు. ఏడాదంతా ఒకే తీరు సరుకు దొరుకుతదా, మందుల అవశేషాలు లేని కాయ ఉన్నదా అని అడుగుతడు. దానికి మన దగ్గర జవాబు లేదు. రైతు ఎన్నిసార్లు ఏం మందు కొట్టిండో రాసిపెట్టే అలవాటు ఇప్పుడిప్పుడే వస్తున్నది. నేను నా రైతులు ముప్పై మందికి నోటుబుక్కులు కొనిచ్చిన, పదకొండు మంది రాస్తున్నరు.

ఎన్‌ఐటీ_మెస్
మాది గుంటూరు జిల్లా, ఇక్కడ నాలుగేళ్ళు చదివాను, పీహెచ్‌డీకి మళ్ళీ వచ్చాను. బయటివాడిగా ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. 1959లో దేశంలోని మొట్టమొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ఈ ఊళ్ళో పెట్టారు. అరవై ఏళ్ళు దాటింది. ఇన్ని వేల మంది ఇంజనీర్లు ఈ గేటులోంచి బయటికి వెళ్ళారు. వాళ్ళలో కాజీపేట స్టేషన్ తప్ప ఊళ్ళో ఇంకేమీ చూడనివాళ్ళే ఎక్కువ. నేను కూడా బీటెక్ నాలుగేళ్ళలో ఏనుమాముల పేరు వినలేదు. కాలేజీ గోడకి అటు ఒక లోకం, ఇటు ఒక లోకం.

మా ల్యాబులో తేమ కొలిచే సెన్సర్ల మీద పని జరుగుతోంది. కాంటా గారి యార్డుకి పది కిలోమీటర్ల దూరంలో కూర్చుని, మార్కెట్లో కొన్న అరకిలో మిరపకాయలతో పరీక్షలు చేస్తున్నాం. ఇది రాస్తుంటే నాకే బాధగా ఉంది.

ఏనుమాముల_కాంటా
రేపే రా తమ్మీ. అరకిలో ఎందుకు, బస్తా ఇస్త.

కొత్తవాడ_మగ్గం
ఆలస్యంగ చూసిన. పార్కు గురించి నేను చెప్తేనే బాగుంటది, ఎందుకంటే ఆ మాట నమ్మి తిరిగొచ్చినోన్ని.

మాది కొత్తవాడ. తాత జంపఖానాలు నేసిండు. మన వరంగల్ జంపఖానాకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ అప్పటికి మా వాడల నేసేటోళ్ళు ముసలోళ్ళే మిగిలిన్రు. బాపు సూరత్ పోయిండు. నేను అక్కడ్నే పెరిగిన, పందొమ్మిదేండ్లు మగ్గం నడిపిన. పార్కు వస్తది, సూరత్, భివండీ పోయినోళ్ళంతా వాపసు రండి అంటే, పిల్లలు తెలుగు మర్చిపోతున్నరని నేను, ఇంకొంతమంది వచ్చేసినం. మడికొండల మగ్గాలు పెట్టుకున్నం.

సూరత్‌ల ఎట్లుంటదో చెప్త. పడుగు నూలు బీముకు చుట్టేటోడు పక్క గల్లీ. నూలు అరువు ఇచ్చేటోడు మూల మీద. రంగేసే మిల్లు పాండేసర దిక్కు. బట్ట అమ్మేటోడు రింగ్ రోడ్డు మార్కెట్ల. పొద్దున ఫోన్ చేస్తే మాపటికి సరుకు కదులుతది. మగ్గంల పికర్ అని చిన్న ముక్క ఉంటది, చేతి బొటనవేలు కన్నా కొంచెం పెద్దది. షటిల్‌ను కొట్టేది అదే. రోజుకు లక్షసార్లు కొడుతది గాబట్టి అరుగుతది, పగులుతది. సూరత్‌ల అది పగిలితే పిలగాన్ని సైకిల్ మీద పంపితే పది నిమిషాలల్ల తెస్తడు. ఇక్కడ పగిలితే పార్సిల్ వచ్చేదాక మూడు రోజులు మగ్గం మూగ. మూడు రోజులు మగ్గం ఆగితే నాకు ఎంత పోతదో ఈ తడవ ఎవ్వరు లెక్కగట్టలే.

మగ్గాలు ఇచ్చిన్రు, షెడ్డు ఇచ్చిన్రు, కరెంటు రాయితీ ఇచ్చిన్రు. చుట్టు ఉండాల్సిన గల్లీ ఇయ్యలే. గల్లీ జీవోతోని రాదు కూడ. ఇన్నాళ్ళు సర్కారు చీరెల ఆర్డర్ల మీద నడిపినం. ఆర్డరు ఆగితే అందరి మగ్గాలు ఒకే నాడు ఆగినయ్, సిరిసిల్లల ఏమైందో అందరు చూసిన్రు.

అయినా తిరిగొచ్చినందుకు బాధ లేదు. నా బిడ్డ తెలుగుల పద్యం చెప్తున్నది. కానీ పిలగాడు అడిగిన దానికి నా జవాబు ఇది: ఒక ఫ్యాక్టరీ వస్తే ఊరు ఎదగదు, దాని చుట్టు గల్లీ వస్తే ఎదుగుతది.

నొయ్యల్_ఒడ్డున
మగ్గం అన్న చెప్పిన గల్లీని నేను తిరుప్పూర్‌ల తొమ్మిదేండ్లు చూసిన. గుండీలు అమ్మేటోడు, లేబుల్ నేసేటోడు, అట్టపెట్టె చేసేటోడు, కుట్టుమిషన్ బాగుచేసేటోడు, అందరు ఒక్క రోడ్డు మీద. కుట్టే కంపెనీ యజమానుల్ల చాలా మంది ఒకప్పుడు కటింగ్ మాస్టర్లే. అది రావడానికి నలభై, యాభై ఏండ్లు పట్టింది.

ఇంకోటి చెప్పకుంటే తప్పైతది. రంగు నీళ్ళు. నొయ్యల్ నది అక్కడ రోజుకో రంగుల పారేది. కింద రైతుల బావులు పాడైనయ్. 2011 జనవరిల మద్రాస్ హైకోర్టు రంగు యూనిట్లన్నీ మూసెయ్యమన్నది, వందల యూనిట్లు ఒక్కసారి బందైనయ్. నేను పనిచేసే కంపెనీల ఆర్డర్లు ఆగినయ్, మమ్మల్ని ఇంటికి పంపిన్రు. మన పార్కుల రంగు యూనిట్లు రావాలె, కానీ చుక్క నీరు బయటికి వదలని శుద్ధి ప్లాంటు ముందు, మిషన్లు తర్వాత. గీసుగొండ, సంగెం రైతులు ఇప్పటికే భూములిచ్చిన్రు, బావులు కూడ ఇయ్యమని అడగొద్దు.

హంటర్‌రోడ్_వాన
నీళ్ళ మాట వచ్చింది గాబట్టి. 2023 జూలై వానకు నా ప్రింటింగ్ ప్రెస్‌ల నడుము దాకా నీళ్ళు. అయిదు రోజులు కరెంటు లేదు. పెండ్లి కార్డుల స్టాకు మొత్తం గుజ్జయింది. మిషన్ మోటారు విప్పి ఎండబెట్టి మళ్ళ నడిపే వరకు నెల పట్టింది. బీమా లేదు. 2020 ఆగస్టుల ఒకసారి మునిగి లేచిన, అప్పుడే ఎత్తు కట్టుకున్న, అయినా సాలలే.

కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టిన ఊరిది. ఒక చెరువు నిండితే ఇంకో చెరువుకు పొయ్యే తొవ్వ మీద మనం ఇండ్లు కట్టుకున్నం. 1971 నాటి మాస్టర్ ప్లాన్‌తోని యాభై ఏండ్లు నడిచింది ఊరు. నయీంనగర్ నాలా వెడల్పు చేసిన్రు, మంచిగైంది, ఒప్పుకుంట. మిగిలిన నాలాలు ఎప్పుడు? పెట్టుబడి పెట్టేటోడు ముందు గూగుల్‌ల మన ఊరి పేరు కొడుతడు, నడిరోడ్డు మీద పడవ బొమ్మ కనబడుతది.

మామునూరు_రన్‌వే
వాన అన్నా, నీ ప్రెస్ మునిగిన నాడు నేను కూడ ఇసుక బస్తాలు మోసిన, ఆ వీధిలనే. ఈ మాటకు నేను పూర్తిగ ఒప్పుకుంట. ఎయిర్‌పోర్టు కన్నా నాలాలు ముందు.

సంగెం_అమ్మాయి
ఇన్ని పోస్టులల్ల కుట్టేటోళ్ళు ఒక్కరు మాట్లాడలే. నేను పార్కుల కుట్టు లైన్ల చేస్తున్న. పేరు, కంపెనీ చెప్పను.

మా లైన్ల నలభై మందిమి ఉంటే ముప్పై నాలుగు మంది ఆడోళ్ళమే. నాది చేయి అతికించే పని, చిన్నపిల్లల అంగీకి. ముందు చేతిని రెండుగ మడిచి నడుమ గుర్తు పెట్టుకోవాలె, భుజం కుట్టు కాడ ఆ గుర్తు కలవాలె. కలవకుంటే అంగీ ఒక దిక్కు గుంజుతది. మొదటి నెల గంటకు పద్దెనిమిది చేసిన, ఇప్పుడు యాభై దాటుత. ఈ పని నాకు ఇష్టం. నా పైసలతోని తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నడు.

మరి ఎందుకు మానేస్తరు అంటే, జీతం ఒక్కటే కాదు. ఓవర్‌టైమ్ ఉన్న నాడు బయటికొచ్చేసరికి చీకటి. మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి రెండు కిలోమీటర్లు, లైట్లు లేవు, ఆటో లేదు. నాయిన బండి మీద వచ్చి నిలబడుతడు. నాయిన లేనోళ్ళు మానేస్తరు. పెండ్లయి పిల్ల పుడితే మానేస్తరు, ఎందుకంటే పిల్లను పెట్టే జాగ లేదు. నాతో చేరిన పన్నెండు మందిల నలుగురం మిగిలినం. పోయిన ఎనిమిది మందికి పని వచ్చు, మిషన్ మీద చెయ్యి తిరిగినోళ్ళు. కొత్తోళ్ళను తెచ్చి మళ్ళ పద్దెనిమిది కాడ మొదలుపెడుతరు.

మీరు విమానం అంటున్నరు, రైలు అంటున్నరు. నాకు రాత్రి ఎనిమిదింటికి ఒక బస్సు, రోడ్డుకు పది లైట్లు చాలు.

పరకాల_పత్తి
బిడ్డా, నేను ఏసిన నూరు చొక్కాల లెక్కల ఈ రెండు కిలోమీటర్ల చీకటి రాలేదు. రావాల్సింది.

జంక్షన్_కాజీపేట
మా కాలనీల రిటైరైన రైల్వే డ్రైవర్లు, యూనియన్ పెద్దలు ఉన్నరు. బస్సు అర్జీ ఎట్ల పెట్టాల్నో, ఎవరిని పట్టుకోవాల్నో తెలిసినోళ్ళు. ఏ ఊరు, ఎన్ని మంది, ఏ టైము అని రాసి పంపు బిడ్డా. సంతకాల పని మాది.

సంగెం_అమ్మాయి
నాలుగు ఊర్లు కలుస్తయ్ తాతా. అరవై మందిమి ఉంటం. పేర్లు రాసి పంపుత.

ఎన్‌ఐటీ_మెస్
ఎగుమతుల మాట కూడా అనుకోవాలి కదా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి కుట్టు ఫ్యాక్టరీలన్నీ ఉలిక్కిపడ్డాయి. పార్కులో కైటెక్స్, యంగ్‌వన్ ప్రధానంగా విదేశాలకి కుట్టేవే. ఎక్కడో ఒక సంతకం పడితే సంగెంలో ఓవర్‌టైమ్ ఆగిపోతుంది.

నొయ్యల్_ఒడ్డున
నిజమే. అందుకే తిరుప్పూర్‌ల తెలివైనోళ్ళు సగం లైన్లు దేశంల అమ్మేదానికి పెట్టుకుంటరు, లాభం తక్కువైనా. ఇంకోటి, పార్కుల గణేశ ఎకోపెట్ పాత ప్లాస్టిక్ సీసాలను కరిగించి నార, నూలు చేస్తున్నది. పత్తి ధర ఎక్కడున్నా అది నడుస్తది. ఒక్క పంట మీద, ఒక్క దేశం మీద ఆధారపడొద్దు.

సుబేదారి_ల్యాబ్
ఇంతకీ పిలగాడు ఏడి? బాపుకు ఎట్లుంది?

మోడరేటర్
మామునూరు భూముల రేట్లు అడుగుతున్న పోస్టులు నాలుగు తీసేశాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి.

కరీమాబాద్_పిలగాడు
అన్నీ చదివిన. రెండుసార్లు చదివిన. బాపు లేచి వాకిట్ల తిరుగుతున్నడు ల్యాబ్ అన్నా, రక్త పరీక్షకు మీ దిక్కే తీసుకొస్త.

నేను అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఇంకోటి. ఊర్ల పని ఉంటదా అని అడిగిన. ఇప్పుడు చూస్తే చెయ్యాల్సిన పని కుప్పలు కుప్పలు ఉన్నది, జీతం ఇచ్చేటోడే ఇంకా పుట్టలే. మడికొండ కంపెనీకి సరే అని చెప్పిన, వచ్చే నెల ఒకటో తారీకు చేరుడు. మూడో వంతు తక్కువే, కానీ ఉప్పల్ కిరాయి మిగులుతది. మా ఆమె స్టాఫ్ నర్సు, ఆమెకు హన్మకొండల దొరుకుతదని మీ మాటలతోని ధైర్యం వచ్చింది.

మగ్గం అన్నా, నీ పికర్ సంగతి మనసుల పడ్డది. నేను పదకొండేండ్ల సంది గీసేది అట్లాంటి ముక్కలే. అది దేంతోని చేస్తరు, తోలా, నైలానా? అరిగేది ఎక్కడ, షటిల్ మొన తగిలే గుంత కాడనా, కట్టె దూరే రంధ్రం కాడనా?

కొత్తవాడ_మగ్గం
ఒకప్పుడు పచ్చితోలు, ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ లెక్కటిది. షటిల్ మొన తగిలే కాడ గుంత లోతైతది. లోతైతే షటిల్ పక్కకు ఎగుర్తది, పోగులు తెగుతయ్. రంధ్రం కాడ పగులుడు కూడ ఉంటది గానీ తక్కువ. మా షెడ్లల్ల అందరి మగ్గాలు ఒక్క తీరువి కావు, మూడు సైజులు వాడుతం.

కరీమాబాద్_పిలగాడు
మూడు సైజులంటే మూడు అచ్చులు. అచ్చు కోసే మిషన్ షాపులు ఊర్ల ఎక్కడున్నయ్, ఆటోనగర్‌ల ఎవరన్నా తెలుసా?

హంటర్‌రోడ్_వాన
నా ప్రెస్ మోటారు బాగుచేసినాయన లేత్ పెట్టుకున్నడు. చెయ్యి మంచిది. నంబరు విడిగ పంపుత.

ఎన్‌ఐటీ_మెస్
ఏ ప్లాస్టిక్ ఎన్ని దెబ్బలకి అరుగుతుందో పరీక్ష చేసే యంత్రం మా డిపార్ట్‌మెంట్‌లో ఉంది. ప్రొఫెసర్ గారిని అడుగుతాను. మిరపకాయలు శనివారం తెచ్చుకుంటాను కాంటా గారూ.

కొత్తవాడ_మగ్గం
ఆదివారం మగ్గాలు బంద్ ఉంటయ్, విప్పి చూపిస్త. మడికొండ షెడ్డు కాడికి రా, పదింటికి.

కరీమాబాద్_పిలగాడు
వెర్నియర్ పట్టుకొని వస్త. పగిలిన పికర్లు పారేయకు అన్నా, మూడు సైజులల్ల తలా రెండు తీసిపెట్టు. కొత్తది కూడ ఒకటి ఉంచు, పక్క పక్కన పెట్టి కొలుద్దాం.